మూడుసార్లు గర్భం పోయింది, రక్తం గడ్డకట్టే సమస్య అన్నారు: ఏ రిపోర్టును నమ్మాలి, ఏ చికిత్స తీసుకోవాలి?

ప్రశ్న క్లుప్తంగా: నా వయసు 29. ఖమ్మం దగ్గర ఉంటాం. మూడేళ్లలో మూడు గర్భాలు పోయాయి. మొదటిది ఏడో వారంలో, రెండోది ఎనిమిదో వారంలో, రెండింటికీ హార్ట్‌బీట్ రాలేదు. మూడోసారి హార్ట్‌బీట్ వచ్చింది, ఎనిమిదో వారం స్కాన్ బాగుంది. పదకొండో వారం దాటాక చూస్తే పది వారాల నాలుగు రోజుల దగ్గర ఎదుగుదల ఆగిపోయిందన్నారు. రెండు నెలల తర్వాత పరీక్షలు చేశారు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పాజిటివ్, కార్డియోలిపిన్ ఐజీజీ 62, ఏఎన్ఏ కొద్దిగా పాజిటివ్, ఎన్‌కే సెల్స్ ఎక్కువ, ఎంటీహెచ్ఎఫ్ఆర్ జన్యువులో మార్పు అని వచ్చాయి. ఒక సెంటర్‌లో భర్త రక్తంతో ఇమ్యునోథెరపీ, ఇంట్రాలిపిడ్, స్టెరాయిడ్, హెపారిన్ అన్నీ కలిపి ప్యాకేజీ చెప్పారు. ఇంకో డాక్టరు ఇవేవీ అక్కర్లేదు, మళ్లీ ప్రయత్నించండి అన్నారు. నేను ఉద్యోగానికి స్కూటీ మీద వెళ్లడం వల్లే ఇలా అవుతోందని మా అత్తగారి అనుమానం. ఏం చేయాలి?

అమ్మా, స్కూటీ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో మిమ్మల్ని ఎక్కువ బాధ పెడుతున్నది అదేనని నాకు అనిపించింది. స్కూటీ నడిపినందుకు గర్భం పోదు. బొప్పాయి ముక్క తిన్నందుకో, బిందె ఎత్తినందుకో, ఆఫీసులో టెన్షన్ పడినందుకో పోదు. ఇరవై రెండేళ్లుగా ఇలాంటి గర్భిణులను చూస్తున్నాను. ఓపీలోకి వచ్చిన ప్రతి అమ్మాయీ తను చేసిన ఏదో ఒక పనిని వేలెత్తి చూపించుకుంటుంది. మీ గర్భాలు మీరు చేసిన పనుల వల్ల పోలేదు. మీ అత్తగారికి ఈ సమాధానం చదివి వినిపించండి. ఆవిడ కూడా మనవడో మనవరాలో కావాలన్న ఆశతోనే కారణం వెతుకుతున్నారు. అసలు కారణం తెలిస్తే ఆవిడే మీకు తోడుగా నిలబడవచ్చు.

ఇక రిపోర్టులు. మీ ఫైల్లో అయిదు విషయాలు పాజిటివ్ అని ఉన్నా, వాటిలో రెండే ముఖ్యం: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, కార్డియోలిపిన్ ఐజీజీ. ఈ రెండూ ఒకే జబ్బు వైపు చూపిస్తాయి. దాని పేరు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, అందరూ ఏపీఎస్ అంటారు. 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే వైద్యుడు దీన్ని వివరించాడు కాబట్టి హ్యూస్ సిండ్రోమ్ అన్న పేరూ ఉంది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి పొరపాటున మన కణాల పొరల మీదుండే కొవ్వు, ప్రోటీన్ పదార్థాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారు చేస్తుంది. వాటివల్ల రక్తం అనవసరంగా గడ్డకట్టే గుణం పెరుగుతుంది. గర్భంలో ఇవి మాయ (ప్లాసెంటా) మీద పనిచేస్తాయి.

చాలామంది మాయ రక్తనాళాల్లో గడ్డలు అడ్డుపడి బిడ్డకు రక్తం అందక పోయిందని అనుకుంటారు. అది కొంతవరకే నిజం. మొదటి నెలల్లో ఈ యాంటీబాడీలు మాయ కణాలనే దెబ్బతీస్తాయి, అవి గర్భాశయం గోడలోకి సరిగా పాతుకోవు. శరీరంలో కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థ ఉంటుంది. దాన్ని రెచ్చగొట్టి మాయ దగ్గర వాపు తెస్తాయి. హెపారిన్ రక్తాన్ని పలచగా ఉంచడమే కాకుండా ఈ కాంప్లిమెంట్‌ను కూడా అణుస్తుందని 2004లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ‘నాకు ఎక్కడా రక్తం గడ్డకట్టలేదు కదా, ఈ సూదులు నాకెందుకు’ అని చాలామంది మధ్యలో ఆపేస్తారు. కాళ్లలో గడ్డ లేకపోయినా మాయకు ఆ మందు అవసరం ఉంటుంది.

లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే పేరు చూసి లూపస్ (రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే తిరగబడే జబ్బు) వచ్చిందని భయపడకండి. ఆ పేరే తప్పుదారి పట్టిస్తుంది. మొదట లూపస్ రోగుల్లో కనిపించింది కాబట్టి ఆ మాట అతుక్కుంది. పరీక్షనాళికలో రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది కాబట్టి యాంటీకోయాగ్యులెంట్ అన్నారు, శరీరంలో మాత్రం దానికి పూర్తి విరుద్ధంగా గడ్డకట్టిస్తుంది. ఇది పాజిటివ్‌గా ఉన్నవాళ్లలో చాలామందికి లూపస్ ఉండదు. అయినా మీకు కీళ్లనొప్పులు, ఎండకు వెళితే ముఖం మీద దద్దుర్లు, తరచూ నోట్లో పుండ్లు, బాగా జుట్టు ఊడటం ఉంటే ఒకసారి ఇలాంటి జబ్బులు చూసే రుమటాలజిస్టుకు చూపించుకోవాలి. అవేవీ లేకుండా ఏఎన్ఏ (లూపస్ లాంటి జబ్బుల కోసం చేసే పరీక్ష) కొద్దిగా పాజిటివ్ అయితే అది ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో కూడా కనిపించేదే. దాని ఒక్కదాని కోసం గర్భంలో ఏ మందూ వాడక్కర్లేదు.

మీరు ఇప్పుడు చేయాల్సిన మొదటి పని మందు మొదలుపెట్టడం కాదు, పరీక్ష మళ్లీ చేయించడం. ఈ యాంటీబాడీలు జ్వరం, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కొన్నాళ్లు కనిపించి మాయమైపోతుంటాయి. అందుకే మొదటి పరీక్ష తర్వాత కనీసం 12 వారాలు ఆగి రెండోసారి చేయాలన్నది నియమం. 2006లో సిడ్నీ ప్రమాణాలు అని ప్రచురించారు. వాటి ప్రకారం కార్డియోలిపిన్ 40 యూనిట్లు దాటి ఉండాలి, లేదా లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పాజిటివ్ ఉండాలి, అదీ రెండుసార్లు. దాంతో పాటు పదో వారం లోపు వరుసగా మూడు గర్భాలు పోయి ఉండాలి, లేదా పది వారాలు నిండాక మామూలుగా ఎదుగుతున్న బిడ్డ ఒక్కసారైనా పోయి ఉండాలి. మీ మూడో గర్భం పది వారాలు దాటింది. అందుకే మీ కేసును నేను తేలిగ్గా తీసుకోను. ‘మళ్లీ ప్రయత్నించండి చాలు’ అన్న సలహా మీకు సరిపోదు.

2023లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కొత్త ప్రమాణాలు తెచ్చాయి, అవి ఇంకా గట్టివి. వాటి ప్రకారం మీకు ఏపీఎస్ లేదని ఎవరైనా అంటే కంగారు పడకండి. అవి పరిశోధనల్లో ఎవరిని చేర్చుకోవాలో తేల్చడానికి రాసినవి. ఎదురుగా కూర్చున్న మనిషికి చికిత్స ఇవ్వాలా వద్దా అని తేల్చేది ఆమె చరిత్ర, ఆమె రిపోర్టులు కలిపి చూసే డాక్టరే.

రెండోసారి చేయించేటప్పుడు మూడూ అడగండి: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, కార్డియోలిపిన్ ఐజీజీ ఐజీఎం, బీటా-2 గ్లైకోప్రోటీన్ ఐజీజీ ఐజీఎం (ఐజీజీ, ఐజీఎం అంటే యాంటీబాడీల రకాలు). మూడోది మీ రిపోర్టుల్లో లేదు. మూడూ పాజిటివ్ అయితే ప్రమాదం ఎక్కువ కాబట్టి ముందే తెలిసి ఉండాలి. హెపారిన్ వాడుతున్నప్పుడు చేస్తే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఫలితం తప్పుగా రావచ్చు, గర్భంతో ఉన్నప్పుడు కూడా అది అంత నమ్మదగ్గది కాదు. అందుకని ఏ ఇంజెక్షనూ మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వండి. మీ మొదటి రిపోర్టు మీద ఉన్న తేదీ నుంచి క్యాలెండర్‌లో 12 వారాలు లెక్కపెట్టి గుర్తు పెట్టుకోండి.

ఈ మధ్యలో గర్భం రాకుండా చూసుకోవాలి కదా, అక్కడ ఒక పెద్ద జాగ్రత్త ఉంది. మాలా-డి లాంటి మాత్రలు వాడకండి. వాటిలో ఈస్ట్రోజెన్ ఉంటుంది, అది రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. నెలసరి సరిచేయడానికని మెడికల్ షాపులో ఇచ్చే హార్మోన్ మాత్రల్లో కూడా కొన్నింటిలో అది ఉంటుంది. కండోమ్ వాడండి. ఈ మాట మీకు ప్రసవమైన తర్వాత కూడా వర్తిస్తుంది, ఏపీఎస్ ఖాయమైతే జీవితాంతం ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ సంగతి చెప్పాలి. ఒకవేళ ఈలోగానే నెల తప్పితే రెండో రిపోర్టు కోసం కూర్చోకండి, వెంటనే మీ డాక్టరును కలవండి. మీ చరిత్ర ప్రకారం చికిత్స మొదలుపెట్టే నిర్ణయం అప్పుడే తీసుకోవచ్చు.

ఇప్పుడు ఆ ప్యాకేజీ గురించి. దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. భర్త రక్తంలోని తెల్లకణాలను భార్యకు ఎక్కించే చికిత్సను అమెరికాలో సరైన పద్ధతిలో పరీక్షించి 1999లో ఫలితాలు ప్రచురించారు. చికిత్స తీసుకున్నవాళ్లలో 36 శాతం మందికి గర్భం నిలిస్తే, ఉత్తి సెలైన్ తీసుకున్నవాళ్లలో 48 శాతం మందికి నిలిచింది. అంటే మేలు కనిపించలేదు సరికదా, ఫలితం ఎదురు తిరిగింది. 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరిశోధనల్లో తప్ప దీన్ని చేయకూడదని చెప్పింది. ఇంకొకరి రక్తకణాలు ఎక్కించుకోవడం అంటే ఇన్ఫెక్షన్ల భయం, కొత్త యాంటీబాడీల భయం కూడా ఉంటాయి. అంత తెలిశాక కూడా మన దగ్గర దీన్ని అమ్ముతున్నారంటే నాకు కోపం వస్తుంది. మూడు గర్భాలు పోగొట్టుకున్న దంపతులు ఎంతైనా ఖర్చు పెడతారని, నగలు కుదువ పెట్టి అయినా తెస్తారని తెలిసే అమ్ముతున్నారు.

ఎన్‌కే సెల్స్ సంగతి కూడా అలాంటిదే. చంపే కణాలు అనే పేరు వినగానే అవి మీ బిడ్డను చంపేశాయనిపిస్తుంది. చేతి నుంచి తీసిన రక్తంలోని ఎన్‌కే కణాలు వేరు, గర్భాశయంలో ఉండేవి వేరు. గర్భాశయంలోవి మాయకు రక్తనాళాలు ఏర్పడటంలో సాయం చేస్తాయి. రక్తంలో అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టినంత మాత్రాన గర్భం గురించి ఏమీ తెలియదు. ఇక ఇంట్రాలిపిడ్ అంటే సోయా నూనె, గుడ్డులోని కొవ్వు పదార్థం కలిపిన ద్రవం, నోటితో తినలేని రోగులకు ఆహారంగా ఎక్కిస్తారు. గర్భం నిలబెడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. స్టెరాయిడ్‌ను 1997లో కెనడాలో పరీక్షించారు. గర్భాలు ఎక్కువగా నిలవలేదు, నెలలు నిండకుండా కాన్పులు మాత్రం బాగా పెరిగాయి, బీపీ, షుగర్ కూడా. లూపస్ లాంటి జబ్బు ఉంటే దాని కోసం స్టెరాయిడ్ అవసరం కావచ్చు, అది వేరే మాట.

ఎంటీహెచ్ఎఫ్ఆర్ మార్పు మనలో చాలామందికి ఉంటుంది. గర్భం పోవడానికి దాన్ని కారణంగా చూపించలేం, దానికోసం హెపారిన్ అక్కర్లేదు, మామూలు ఫోలిక్ యాసిడ్ మాత్ర చాలు. పుట్టుకతో వచ్చే ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ వంటి గడ్డకట్టే లోపాలు ఉన్నవాళ్లకు కూడా హెపారిన్ గర్భాన్ని నిలబెడుతుందా అని చూసిన పెద్ద అధ్యయనం 2023లో వచ్చింది. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 72 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 71 శాతం మందికి బిడ్డలు పుట్టారు. తేడా లేదు. కానీ ఇందులో ఒక ఊరట చూడండి, ఇన్ని గర్భాలు పోయినవాళ్లలో కూడా ఏ ఇంజెక్షనూ లేకుండానే పదిమందిలో ఏడుగురు తల్లులయ్యారు.

మరి హెపారిన్ ఎవరికి పనిచేస్తుంది? ఏపీఎస్ ఖాయమైనవాళ్లకు, అంటే రెండో పరీక్షా పాజిటివ్ వస్తే మీకూ. 1997లో లండన్‌లో 90 మంది మీద జరిగిన అధ్యయనంలో ఆస్పిరిన్ ఒక్కటే వాడినవాళ్లలో 42 శాతం మందికి బిడ్డలు పుడితే, ఆస్పిరిన్, హెపారిన్ కలిపి వాడినవాళ్లలో 71 శాతం మందికి పుట్టారు. తర్వాత 2002లో వచ్చిన మరో అధ్యయనంలో అంత తేడా కనిపించలేదన్నదీ నిజమే. అన్నీ కలిపి చూస్తే మాత్రం ఈ రెండు మందుల జోడీనే ఇప్పటికీ ప్రపంచమంతా సిఫారసు చేస్తున్నారు. నా అనుభవమూ అదే చెబుతుంది.

చికిత్స ఎలా ఉంటుందంటే, గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పటి నుంచే రోజుకు 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మన దగ్గర ఎకోస్ప్రిన్ అని ఇస్తారు. నెల తప్పి టెస్ట్ పాజిటివ్ రాగానే హెపారిన్ మొదలుపెడతాం. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎనాక్సాపారిన్, మామూలు బరువున్నవాళ్లకు రోజుకొకసారి 40 మిల్లీగ్రాములు. మీకు ఎంత కావాలో మీ బరువు, కిడ్నీల పనితీరు చూసి డాక్టరే రాయాలి. ఇది మాయ దాటి బిడ్డలోకి వెళ్లదు, కాబట్టి బిడ్డకు భయం లేదు. రక్తం పలచబరిచే వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి మాత్రలు మాత్రం అలా కాదు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో బిడ్డకు హాని చేస్తాయి.

అయిదో వారం నుంచి కాన్పు దాకా, తర్వాత ఆరు వారాలు కలుపుకుంటే సుమారు 270 ఇంజెక్షన్లు అవుతాయి. వినడానికి భయంగా ఉంటుంది, ఖర్చు కూడా తక్కువేమీ కాదు. ఈ మందు కేంద్రం అత్యవసర మందుల జాబితాలో ఉంది. కంపెనీని బట్టి ధరలో చాలా తేడా ఉంటుంది, కాబట్టి తక్కువ ధరలో దొరికే మంచి కంపెనీది రాయమని మీ డాక్టరునే అడగండి. ప్యాకేజీకి పెట్టబోయే డబ్బు దీనికి దాచుకోండి.

ఇంజెక్షన్ మీరే ఇంట్లో చేసుకోవచ్చు. ప్రతిరోజూ ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లక్కర్లేదు. పొట్ట మీద బొడ్డుకు నాలుగు వేళ్ల దూరంలో పక్కకు చర్మాన్ని మడతలా పట్టుకుని సూదిని నిటారుగా గుచ్చాలి. సిరంజిలో ఉన్న చిన్న గాలి బుడగను బయటికి తీయకండి, మందు పూర్తిగా లోపలికి వెళ్లేలా అది సాయం చేస్తుంది. తీశాక రుద్దకూడదు, రుద్దితే నల్లగా కమిలిపోతుంది. ఈరోజు కుడివైపు అయితే రేపు ఎడమవైపు. ఎంత జాగ్రత్తగా చేసినా అక్కడక్కడా నీలం మచ్చలు వస్తాయి, అవి పోతాయి. నా పేషెంట్లలో చాలామందికి భర్తలే నేర్చుకుని చేశారు. రోజూ రాత్రి ఒకే సమయానికి ఇద్దరూ కూర్చుని చేసుకునే పని అయ్యాక భయం తగ్గిందని వాళ్లే చెప్పారు. మొదట్లో ప్లేట్‌లెట్ల పరీక్ష చేయించాలి. క్యాల్షియం, విటమిన్ డి మానకండి. నొప్పులకు బ్రూఫెన్ లాంటివి వేసుకోకండి. తిండిలో పథ్యం ఏమీ లేదు.

బెడ్ రెస్ట్ గురించి ప్రత్యేకంగా రాయాలి. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో గర్భం పోయిన చరిత్ర ఉంటే చాలు, మంచం దిగొద్దని చెప్పేవాళ్లం. అలా చెప్పిన ఒకామెకు ఆరో నెలలో ఎడమ కాలు తొడ దాకా వాచింది, లోపల గడ్డ కట్టింది. ఆమె, బిడ్డ ఇద్దరూ దక్కారు కానీ ఆ రోజులు నేను మర్చిపోలేను. కదలకుండా పడుకుంటే గర్భం నిలుస్తుందన్న దానికి ఆధారం లేదు. ఏపీఎస్ ఉన్నవాళ్లకు అది ప్రమాదం కూడా. నడవండి, ఉద్యోగానికి వెళ్లండి.

ఏపీఎస్‌లో మూడో నెల దాటితే గండం గడిచినట్టు కాదు. బీపీ పెరగడం, బిడ్డ బరువు పెరగకపోవడం, ముందే కాన్పు చేయాల్సి రావడం ఇవన్నీ తర్వాత వచ్చే సమస్యలు. అందుకని బీపీ తరచూ చూడాలి, ఇరవై వారాల తర్వాత డాప్లర్ (రక్తప్రసరణ చూసే స్కాన్), ఆపైన మూడు నాలుగు వారాలకొకసారి ఎదుగుదల స్కాన్లు ఉంటాయి. తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, కాలు ఒకవైపే వాచి నొప్పెట్టడం, ఆయాసం వస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి. నెలలు నిండకుండా పుట్టిన శిశువులను చూసే ఐసీయూ ఉన్న చోటే పేరు నమోదు చేయించుకోండి. నొప్పులు మొదలైతే ఆరోజు ఇంజెక్షన్ చేసుకోకుండా ఆసుపత్రికి రండి, వెన్నులో మత్తు ఇవ్వాలంటే చివరి ఇంజెక్షన్ పడి 12 గంటలైనా కావాలి, మోతాదు ఎక్కువైతే 24 గంటలు.

కాన్పయ్యాక చాలామంది పుట్టింటికి వెళ్లి ఇంజెక్షన్లు ఆపేస్తారు. బాలింతకు సూదులెందుకని, నీళ్లు ఎక్కువ తాగొద్దని పెద్దవాళ్లు అంటారు. గడ్డలు ఎక్కువగా వచ్చేది ఆ ఆరు వారాల్లోనే. ఇంజెక్షన్ ఆపొద్దు, నీళ్లు బాగా తాగాలి, మంచం దిగి తిరగాలి. మీ అమ్మగారికి ఈ మాట సీమంతం నాడే చెప్పి పెట్టండి.

ఇంకో విషయం. మీ మొదటి రెండు గర్భాలు ఏపీఎస్ వల్లే పోయాయని నేను అనను. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం బిడ్డ క్రోమోజోముల్లో తేడా వల్ల పోతాయి, దానికి ఏ మందూ లేదు, ఎవరి తప్పూ కాదు. మందులు సరిగ్గా వాడుతున్నా అలా జరగొచ్చు. అలాంటిది రాకూడదనే కోరుకుంటున్నాను. వస్తే మాత్రం గర్భాశయం శుభ్రం చేసే డీఎన్‌సీ చేసేటప్పుడు ఆ కణజాలాన్ని క్రోమోజోమ్ పరీక్షకు పంపమని ముందే చెప్పండి, ఫార్మలిన్‌లో వేస్తే ఆ పరీక్ష చేయడం కష్టం, సెలైన్‌లో పంపాలి. మీ ఇద్దరి కార్యోటైప్ (క్రోమోజోముల పరీక్ష), గర్భాశయం లోపల అడ్డుపొర ఉందేమో చూసే త్రీడీ స్కాన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు ఇంతవరకు కాకపోతే ఈ 12 వారాల్లోనే చేయించేయండి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది, జన్యు పరీక్షలకు సీడీఎఫ్‌డీ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. మీకు కావాల్సింది హై రిస్క్ గర్భాలు చూసే గైనకాలజిస్టు, అవసరమైతే రుమటాలజిస్టు. ఐవీఎఫ్ అక్కర్లేదు, మీకు గర్భం రావడంలో సమస్య లేదు.

రెండో పరీక్ష నెగెటివ్ వస్తే ఏపీఎస్ లేనట్టే, అప్పుడు హెపారిన్ జోలికి పోవద్దు. పాజిటివ్ వస్తే పైన రాసినదంతా మీకోసమే. ఏది వచ్చినా రిపోర్టులో అంకెలు, వాటి పక్కనున్న యూనిట్లు, ల్యాబ్ ఇచ్చిన పరిధి, రెండు తేదీలు రాసి పంపండి. అప్పటికి మీ బరువు, బీపీ కూడా చెప్పండి, తర్వాతి అడుగు ఏమిటో కలిసి చూద్దాం.